శిలావలయములో పల్లె

ఇంగ్లండులోని విల్ట్‌షైరు ప్రాంతమున ఏవ్‌బరీ అను చిన్న గ్రామము కలదు. ఆ ఊరి చుట్టును ఎత్తయిన మట్టికట్ట, దానికి లోపల కందకము, కందకపుటంచున నిలువురాళ్ల వలయము ఉన్నవి. వలయము అడ్డుకొలత ఇంచుమించు 330 మీటర్లు. క్రీ. పూ. 2850 ప్రాంతమున మొదలుపెట్టి, కొన్ని శతాబ్దములపాటు దీనిని నిర్మించిరి. నిర్మించినవారు గతించిరి, రాళ్లు నిలిచినవి. తరువాతివారు వానినేమి చేసిరి?

మధ్యయుగమున వలయము నడుమనే పల్లె పెరిగినది. 14వ శతాబ్దమున గ్రామస్థులు కొన్ని రాళ్ల ప్రక్కన గోతులు త్రవ్వి, వానిని పడద్రోసి పూడ్చిరి. అవి అన్యమత చిహ్నములను భయమే ఇందుకు కారణమని కొందరు, సేద్యమునకు అడ్డగుటయే కారణమని కొందరు చెప్పుదురు. 1938లో అట్టి ఒక రాతిని వెలికితీయగా దానిక్రింద ఒక పురుషుని అస్థిపంజరము కనబడినది. అతనివద్ద కత్తెరయు, 14వ శతాబ్దారంభపు నాణెములును ఉండెను. అతడు క్షురకవైద్యుడై యుండునని ఊహించిరి.

పిమ్మట 17, 18 శతాబ్దములలో ఇండ్లకు, గోడలకు రాయి కావలసివచ్చినది. ఇది కఠినమైన ఇసుకరాయి. సుత్తికి సులభముగా లొంగదు. అందుచే రాతిని గోతిలోనికి పడద్రోసి, గడ్డితో మంటపెట్టి, బాగుగా కాలిన పిదప చన్నీళ్లు పోసి, పెద్ద సమ్మెటతో కొట్టెడివారు. వేడికి వ్యాకోచించిన రాతి పైభాగము నీటివలన హఠాత్తుగా సంకోచించును. లోపలిభాగము వేడిగనే యుండును. ఈ లాగుడును రాయి ఓర్వలేదు, బీటలువారును. 1720 ప్రాంతమున విలియం స్టక్లీ ఈ విధ్వంసమును కన్నులార చూచి, వ్రాసి, పటములు గీసి యుంచెను.

ఇందులో ఒక వింత కలదు. పూడ్చబడిన రాళ్లు మట్టిలో భద్రముగా నుండెను; పనికివచ్చునని పగులగొట్టినవి మాత్రము మరల రాలేదు. 1930 తరువాత అలెగ్జాండర్ కీలర్ పూడినవానిని పైకి తీయించి యథాస్థానమున నిలిపెను. లేనివాని చోట కాంక్రీటు గురుతులు పెట్టించెను. వలయము బాగుగా కనబడుటకై పల్లెలోని కొన్ని ఇండ్లు కూల్చబడినవి. ఒకప్పుడు ఇంటికొరకు రాయి కూలినది. ఇప్పుడు రాతికొరకు ఇల్లు కూలినది! 1986లో ఈ స్థలము ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది.

మన తెలంగాణలో, కృష్ణాతీరమున ముడుమాల్ గ్రామము వద్దను ప్రాచీనుల నిలువురాళ్లు కలవు. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినవి. వానిలో ఒకదానిని ఊరివారు ఎల్లమ్మగా కొలుచుచున్నారు. రాతిని నిలిపినవారి తలంపు అదియో కాదో తేల్చుట శాస్త్రజ్ఞుల పని. కాని పసుపుకుంకుమలు పెట్టిన రాతిపై సమ్మెట ఎత్తుటకు ఎవరికిని చేయి రాదు. ప్రక్కనున్న తక్కిన రాళ్లకు అట్టి రక్షణ లేదు. వానిని గురించిన తెలివిడియే వానికి రక్ష.