ఆంక్షలున్న దేశానికి సహాయ బృందంతో వెళ్లాలంటే: మన కుటుంబాలు తెలుసుకోవలసినవి

ఆర్థిక ఆంక్షల కింద నలుగుతున్న దేశాలకు మందులు, బియ్యం తీసుకువెళ్లే పౌర బృందాల గురించి మన సభ్యులు కొందరు అడుగుతున్నారు. ఇలా అడిగేవారిలో పదవీ విరమణ చేసిన వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులే ఎక్కువ. వెళ్లవచ్చా, వెళితే పిల్లల అమెరికా ఉద్యోగాలకు ఇబ్బంది వస్తుందా, సంఘం పేరు వాడుకోవచ్చా అన్నవి వారి సందేహాలు. మాకు తెలిసినంతవరకు సమాధానాలు ఇక్కడ ఒకచోట పెడుతున్నాము.

ఆంక్షలు అంటే ఏమిటి?

ఒక దేశం మరో దేశంతో వ్యాపారాన్ని, బ్యాంకు లావాదేవీలను, ఓడల రాకపోకలను చట్టం ద్వారా ఆపివేయడమే ఆంక్ష. క్యూబాపై అమెరికా పూర్తి వాణిజ్య నిషేధం 1962 ఫిబ్రవరి నుంచి ఉంది. 1992లో చేసిన మరో చట్టం ప్రకారం, క్యూబా రేవులో సరుకు దించిన ఓడ 180 రోజులపాటు అమెరికా రేవుల్లోకి రాకూడదు. ఒక్క సరుకు కోసం ఆరు నెలల బేరం పోగొట్టుకోవడానికి ఏ ఓడ యజమాని ఒప్పుకుంటాడు? ఒప్పుకున్నవాడు కిరాయి పెంచుతాడు. ఆ భారం చివరికి రొట్టె కొనుక్కునేవాడి మీదే పడుతుంది.

ఆంక్షలను సమర్థించేవారి వాదన కూడా చెప్పాలి. తమ ఒత్తిడి ప్రభుత్వం మీదే గాని ప్రజల మీద కాదని, ఆహారానికి, మందులకు మినహాయింపులున్నాయని వారంటారు. 2000 సంవత్సరం నాటి అమెరికా చట్టం క్యూబాకు ఆహార పదార్థాల అమ్మకాన్ని అనుమతించిన మాట నిజమే. కాని డబ్బు ముందే చెల్లించాలి, అరువు లేదు. ఇరాక్‌పై 1990 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి విధించిన ఆంక్షల విషయంలో, అక్కడ సమితి సహాయ కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో, ప్రజల బాధ చూడలేక పదవులు వదులుకున్నారు.

మన దేశానికీ ఈ అనుభవం కొంత ఉంది. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా మనపైనా ఆంక్షలు పెట్టింది. క్యూబాపై నిషేధం ఎత్తివేయాలని ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో 1992 నుంచి తీర్మానాలు వస్తున్నాయి. 2024లో 187 దేశాలు అనుకూలంగా ఓటు వేయగా, వ్యతిరేకించినవి అమెరికా, ఇజ్రాయెల్ మాత్రమే. భారత్ అనుకూలంగానే వేసింది.

గంజాం వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. 1866 నాటి ఒడిశా కరవులో బియ్యం తెప్పించాలన్న నిర్ణయం ఆలస్యమైంది. అంతలో వానాకాలం వచ్చి ఓడలు సరుకు దించలేకపోయాయి. తిండి ఎక్కడో ఉంది, మనిషి దగ్గరకు చేరలేదు. 1999 అక్టోబరు తుపాన్లప్పుడు, 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు, దారి తెగిన ఊరికి మొదటి లారీ వస్తే ఎలా ఉంటుందో మన ఇళ్లలో చాలామందికి తెలుసు.

ఇంతకుముందు వెళ్లినవారు

1992లో మన దేశంలో క్యూబా సంఘీభావ ఉద్యమం మొదలైంది. అప్పుడు ప్రధాని మన తెలుగువారైన పి.వి. నరసింహారావు. మార్క్సిస్టు నాయకుడు హరికిషన్ సింగ్ సుర్జీత్ చొరవతో జనం నుంచి సేకరించిన 10,000 టన్నుల గోధుమలు ‘కరీబియన్ ప్రిన్సెస్’ అనే ఓడలో క్యూబాకు వెళ్లాయి. అప్పటి క్యూబా జనాభా సుమారు 1.1 కోట్లు. తలకొక రొట్టె వస్తుందని లెక్కగట్టి ఫిడెల్ కాస్ట్రో దాన్ని ‘భారత్ రొట్టె’ అన్నారు.

అదే ఏడాది అమెరికాలో పాస్టర్ లూసియస్ వాకర్ నాయకత్వంలో ‘పాస్టర్స్ ఫర్ పీస్’ వాహన యాత్ర తమ ప్రభుత్వ అనుమతి అడగకుండానే క్యూబాకు సాయం తీసుకువెళ్లింది. 1993లో లారెడో సరిహద్దు దగ్గర అధికారులు ఒక పసుపు రంగు స్కూలు బస్సును ఆపితే, యాత్రికులు 23 రోజులు నిరాహార దీక్ష చేసి విడిపించుకున్నారు. ఇరాక్‌కు మందులు తీసుకువెళ్లిన ‘వాయిసెస్ ఇన్ ద విల్డర్నెస్’ బృందానికి అమెరికా ప్రభుత్వం 20,000 డాలర్ల జరిమానా వేసింది. వారు కట్టడానికి నిరాకరించారు.

2010 డిసెంబరులో ఢిల్లీ రాజ్‌ఘాట్ నుంచి బయల్దేరిన ఆసియా సంఘీభావ యాత్ర దేశాలు దాటి 2011 జనవరి మొదట్లో గాజా చేరింది. అది ఆంక్ష కాదు, దిగ్బంధం. అయినా వెళ్లే పద్ధతి ఒకటే.

వెళ్లదలచుకున్నవారికి

1. ఏ చట్టం ఎవరికి: భారత పాస్‌పోర్టు ఉండి ఇక్కడే నివసించేవారు క్యూబా వెళ్లడానికి మన చట్టంలో అడ్డు లేదు. కాని అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు ఉన్న మీ అబ్బాయికి, అమ్మాయికి అక్కడి ఆంక్షల చట్టం వర్తిస్తుంది. వారు మీతో రావాలన్నా, మీ యాత్రకు డబ్బు పంపాలన్నా ముందు అక్కడి న్యాయవాదిని అడగాలి. బిడ్డ మొహమాటపడి ఒప్పుకునే పరిస్థితి తేకండి.

2. అమెరికా వీసా: దరఖాస్తులో గత 5 సంవత్సరాలలో వెళ్లిన దేశాలు అడుగుతారు. మనవడి పురిటికో పెళ్లికో వెళ్లవలసినవారు ఇది ముందే ఆలోచించుకోవాలి. వెళ్లి వచ్చాక మాత్రం దాచకూడదు.

3. డబ్బు: అమెరికా బ్యాంకులిచ్చిన కార్డులు క్యూబాలో పనిచేస్తాయనుకోకండి. విదేశీ కరెన్సీ అధీకృత బ్యాంకు ద్వారానే తీసుకుని రసీదు దాచండి. పన్ను మినహాయింపు ఉన్న సంఘాలు ముందస్తు అనుమతి లేకుండా విదేశాల్లో ఖర్చు చేస్తే చిక్కులొస్తాయి. అందుకే చందాల డబ్బు ఇందుకు వాడము.

4. మందులు: ఇంట్లో మిగిలిన మాత్రలు మూటగట్టవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం, దానమిచ్చే మందు అక్కడికి చేరేటప్పటికి కనీసం ఒక సంవత్సరం గడువు మిగిలి ఉండాలి, పెట్టెపై మందు అసలు పేరు ఉండాలి, తీసుకునేవారు అడిగినదై ఉండాలి. జాబితా అక్కడి ఆసుపత్రి నుంచి రావాలి, మన ఊహ నుంచి కాదు.

5. నిర్వాహకులు: ఎవరు పిలుస్తున్నారు, ఖర్చు ఎవరిది, లెక్క ఎవరికి చూపుతారు, ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాకపోతే సంతకం చేయవద్దు.

6. సంఘం పేరు: ఒడిశాలో మనం భాషా అల్పసంఖ్యాకులం. మన సంఘం పని తెలుగు బడి, తెలుగు పాఠ్యపుస్తకం, పండుగ. సభ్యుల్లో అన్ని రాజకీయ అభిప్రాయాలవారూ ఉన్నారు. అందుచేత సంఘం బ్యానరు పట్టుకుని వెళ్లవద్దు. వ్యక్తిగా వెళ్లేవారికి ఫారాలు నింపడంలో, కాగితాలు సరిచూడడంలో తోడుంటాము.

చివరిగా ఒక మాట. పదిమంది మోసుకెళ్లే పెట్టెలతో ఒక దేశం ఆకలి తీరదు. ఓడలు మామూలుగా తిరగాలి, బ్యాంకులు మామూలుగా పనిచేయాలి. అందుకని బృందంలో వెళ్లినవారి అసలు పని తిరిగి వచ్చాకే మొదలవుతుంది. చూసినది చూసినట్టు, పెంచకుండా తగ్గించకుండా నలుగురికీ చెప్పాలి, మన ఎం.పి.కి రాయాలి. ఆసుపత్రిలో ఏ మందు లేదు, ఎన్నాళ్లుగా లేదు, ఎందుకు లేదు అన్నది తేదీతో సహా రాసుకుని రండి. అలా రాసుకుని వచ్చిన సభ్యుల మాట వినడానికి సంఘం హాలు ఇస్తాము. ఆంక్షలు సరైనవే అనుకునే సభ్యులనూ అదే సభకు పిలుస్తాము.