సంపాదించిన పెద్దకొడుకు

2020 జనవరి 31, శుక్రవారం. ఆ ఒక్క సాయంత్రం ప్రభుత్వ టెలికాం సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్‌లో 78 వేల మందికి పైగా ఉద్యోగులు కొలువు దిగిపోయారు. అప్పటికి సంస్థలో ఉన్నదే లక్షన్నర పైచిలుకు. మామూలుగా ఆఫీసులో ఒకరు రిటైరైతే పదిమంది చేరి శాలువా కప్పుతారు, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతారు. ఆ రోజు శాలువా కప్పించుకునేవాళ్లే ఎక్కువ, కప్పేవాళ్లు తక్కువ. యాభై నిండిన లైన్‌మన్, మెకానిక్, గుమాస్తా, సబ్ డివిజనల్ ఇంజినీరు అందరిదీ ఒకే ముహూర్తం.

పథకం పేరు స్వచ్ఛంద పదవీ విరమణ. అందులో ఇష్టం పాలెంతో, భయం పాలెంతో వెళ్లినవాళ్లకే తెలియాలి. అంతకు ఏడాది ముందు, 2019 ఫిబ్రవరి జీతం వేళకు పడలేదు. సంస్థ పుట్టాక అలా జరగడం అదే మొదటిసారి. కాంట్రాక్టు కార్మికులకైతే నెలల తరబడి బకాయిలే. ఇంటి అప్పు, పిల్ల పెళ్లి నెత్తిమీద ఉన్న మనిషి చేతికి వచ్చే సొమ్ము కళ్లకు కనిపిస్తుంటే సంతకం పెట్టక ఏం చేస్తాడు?

ఇదే సంస్థ 2004-05లో సంపాదించిన నికర లాభం 10,183 కోట్ల రూపాయలు. పదిహేనేళ్లలో ఇంత తేడా. ప్రైవేటు కంపెనీలు వచ్చి మింగేశాయని యూనియన్ల వాళ్లు, సర్కారు ఉద్యోగులు కదలక మునిగిందని పత్రికల వాళ్లు అంటూ వచ్చారు. రెండు మాటలూ ఉత్త అబద్ధాలు కావు. కానీ ఏ ఏటికి ఆ ఏడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించేది వేరు. ఈ సంస్థ చితికింది చేతిలో డబ్బు లేక కాదు. డబ్బుండగానే దాన్ని ఖర్చుపెట్టుకునే స్వతంత్రం లేక.

టెలిఫోన్లు ప్రభుత్వ శాఖ చేతిలో ఉన్న అంతకు ముందు కాలం గురించి అనవసరంగా కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. టెలిఫోన్ కోసం డిపాజిట్ కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన దేశం ఇది. తొందరగా కావాలంటే ‘ఓన్ యువర్ టెలిఫోన్’ పథకం కింద ఎక్కువ సొమ్ము ముందే కట్టాలి, లేదా ఎంపీ గారి కోటా ఉత్తరం సంపాదించాలి. ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దంతా ఇంటిపట్టున కూర్చోవాలి. లైన్‌మన్ వస్తే దేవుడొచ్చినట్టే, దసరా మామూలు వేరే. ఒకే దుకాణం ఉన్న ఊళ్లో కొట్టువాడు ఎలా మాట్లాడతాడో టెలిఫోన్ శాఖ కూడా చాలా చోట్ల అలాగే మాట్లాడింది.

అయినా పని తెలిసిన చేతులవి. వీధి మూలన ఇనప పిల్లర్ బాక్స్ తలుపు తీస్తే వందల జతల సన్నని తీగలు. తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆ తర్వాత ఎరుపు వరుస, నలుపు వరుస. ఏ జత ఏ ఇంటిదో కాగితం చూడకుండా చెప్పేవాడు పాత లైన్‌మన్. వానాకాలం గోతిలోకి దిగి, నీళ్లు తోడి, తడిసిన జాయింటు విప్పి, ఒక్కో జతా తుడిచి మళ్లీ ముడివేసేవాడు. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన చిన్న ఎక్స్ఛేంజీలు 1980ల చివర పల్లెలకు చేరాక, పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులు మండల కేంద్రాల దాకా వెలిశాయి. రాత్రి పొద్దుపోయాక పావు రేటు. ఎర్ర అంకెల మీటరు పరుగు చూస్తూ, మాట మధ్యలో తుంచి ఫోన్ పెట్టేసిన తల్లిదండ్రులు ఎందరో. హైదరాబాద్‌లో చదువుకునే కొడుకు క్షేమం, గల్ఫ్‌కు పోయిన భర్త కబురు ఆ గాజు తలుపు వెనకే తెలిసేవి.

1994 టెలికాం విధానం తలుపులు తెరిచింది. మరుసటి ఏడాది సెల్‌ఫోన్ వచ్చింది. మన దగ్గర టాటా సెల్యులర్, జేటీ మొబైల్స్ మొదలుపెట్టాయి. నిమిషానికి 16 రూపాయల దాకా వసూలు చేసిన రోజులవి; వచ్చిన కాల్‌కు కూడా చెల్లించాల్సిందే. లైసెన్సు వేలంలో పోటీపడి పాడుకున్న కంపెనీలు ఆ ఫీజులు కట్టలేక చేతులెత్తేస్తే, 1999 కొత్త విధానం వాళ్లను ఆదుకుంది. ఖాయం ఫీజు పోయి ఆదాయంలో వాటా కడితే చాలన్నారు. వేలంపాటలో ఎక్కువ పాడి తర్వాత తగ్గించుకోవడం మన వ్యాపారులకు కొత్తేం కాదు. ప్రభుత్వం ఒప్పుకోవడమే విశేషం.

2000 అక్టోబర్ 1న ఆ శాఖ కాస్తా బీఎస్‌ఎన్‌ఎల్ అనే కంపెనీ అయింది. ఉద్యోగులు అంతకు ముందే సమ్మెకు దిగి, పింఛను ప్రభుత్వమే చెల్లించేలా హామీ రాబట్టుకున్నారు. మూడు లక్షలకు పైగా సిబ్బంది, దేశమంతా పరిచిన రాగి తీగ, ప్రతి ఊళ్లో మంచి సెంటర్లో స్థలం. చేతిలో లేనిదల్లా మొబైల్ ఒక్కటే. పోటీదారులు మొదలుపెట్టిన ఏడేళ్లకు గానీ వీళ్లకు ఆ వ్యాపారంలో చోటు దక్కలేదు. 2002 అక్టోబర్ 19న లక్నోలో ప్రధాని వాజ్‌పేయి సెల్‌వన్‌ను ప్రారంభించారు. ఆలస్యంగా వచ్చినా అదరగొట్టింది. సిమ్ కోసం జనం క్యూలు కట్టారు. రేట్లు దిగివచ్చాయి. 2006 మార్చిలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అంటూ ‘వన్ ఇండియా’ ప్లాన్ తెచ్చింది ఈ సర్కారు సంస్థే, ఢిల్లీ, ముంబైల్లో దాని తోబుట్టువు ఎంటీఎన్‌ఎల్. పోటీ అంటే భయపడే కంపెనీ చేసే పని కాదది.

దెబ్బ అప్పుడే పడింది. ఎవరూ పెద్దగా గమనించలేదు.

రూపాయికి కాల్ ఇస్తే జనం ఎగబడతారు. జనం ఎగబడితే టవర్లు, స్విచ్‌లు, సామర్థ్యం కావాలి. 2006లో నాలుగున్నర కోట్ల లైన్ల పరికరాలకు బీఎస్‌ఎన్‌ఎల్ టెండర్ పిలిచింది. సాంకేతిక అర్హత దగ్గర తప్పించారని మోటరోలా కోర్టుకెక్కింది. ఆ చిక్కు విడేలోగా మంత్రి మారారు, ధర ఎక్కువన్నారు, ఆర్డర్ దాదాపు సగానికి తెగ్గోశారు. సరే, ఇంకోటి చూద్దామని 2008లో 9 కోట్ల 30 లక్షల లైన్లకు మరో టెండర్. ఫిర్యాదులు, విజిలెన్స్ ప్రశ్నలు, శామ్ పిట్రోడా నాయకత్వంలో కమిటీ. 2010లో అది మొత్తానికే రద్దు. ఈ నాలుగేళ్లలో దేశంలో మొబైల్ కనెక్షన్లు పది కోట్ల దరిదాపుల నుంచి 58 కోట్లకు పెరిగాయి. భారతదేశం జీవితకాలంలో ఒక్కసారే చూసే కోతల కాలమది. అందరూ కొడవళ్లు పట్టుకుని పొలంలో ఉంటే, ప్రభుత్వ సంస్థ కొడవలి కొనడానికి ఫైలు కదుపుతోంది.

ప్రైవేటు కంపెనీలో ఇలాంటి కొనుగోలు బోర్డు గదిలో తేలిపోతుంది. కొన్నది తప్పయితే మేనేజర్ ఉద్యోగం పోతుంది, అంతే. ఇక్కడ కొన్న అధికారికి రిటైరైన పదేళ్లకు కూడా నోటీసు రావచ్చు. కొనకపోతే మాత్రం ఎవరూ అడగరు. పార్లమెంటు, కాగ్, విజిలెన్స్ కమిషన్ ఉండకూడదని కాదు. ప్రజల సొమ్ముకు లెక్క చెప్పాల్సిందే. అయితే పరుగుపందెంలోకి దించినప్పుడు ఈ సంకెళ్లలో వేటిని విప్పాలి, వేటిని ఉంచాలి అని ఆలోచించిన నాథుడు లేడు. సంస్కరణ అంటే మార్కెట్‌లోకి కొత్తవాళ్లను రానివ్వడమే అనుకున్నారు. యజమాని తన తీరు మార్చుకోవడం అందులో భాగమని ఎవరికీ తట్టలేదు.

యజమాని తీరు చూడండి. లైసెన్సులిచ్చేది ప్రభుత్వం, స్పెక్ట్రమ్ అమ్మేది ప్రభుత్వం, సంస్థలో వాటాదారు ప్రభుత్వం, దాని పెద్ద అధికారుల్లో చాలామంది టెలికాం శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు. ఉమ్మడి కుటుంబంలో సంపాదించే పెద్దకొడుకు గతి ఇంతే. జీతం కవరు తండ్రి చేతిలో పెట్టాలి, చొక్కా గుడ్డకు మళ్లీ తండ్రినే అడగాలి.

పల్లె టెలిఫోన్ల సంగతి ఒకటుంది. ఊరికి పది మైళ్ల తీగ లాగి నెలకు వందో రెండొందలో బిల్లు వసూలు చేస్తే ఏం మిగులుతుంది? ఆ నష్టాన్ని పూడ్చడానికి 2003లో ఇతర కంపెనీల కాల్స్ మీద ఒక రుసుము పెట్టారు. యాక్సెస్ డెఫిసిట్ చార్జి అనేవారు. అందులో సింహభాగం బీఎస్‌ఎన్‌ఎల్‌కే వచ్చేది. అడ్డదారి సబ్సిడీ అని పోటీదారులు గోల చేశారు, వాళ్ల వాదనలోనూ సబబుంది. ఏటేటా తగ్గిస్తూ 2008లో ఎత్తేశారు. రుసుము పోయింది గానీ పల్లె తీగ పోలేదు, దాని ఖర్చూ పోలేదు. మారుమూల ఊళ్ల బాధ్యత ఎవరిదో, దానికి ఎంతివ్వాలో తేల్చి రాసిన ఒప్పందం ఉంటే సంస్థకూ మంచిది, పోటీకీ మంచిది. అది లేదు.

లాభం 2006-07లో 7,806 కోట్లు. మరుసటి ఏడు 3,009. ఆ పై ఏడు 575. 2009-10లో మొదటిసారి నష్టం, 1,823 కోట్లు.

అదే 2010లో త్రీజీ వేలం. బీఎస్‌ఎన్‌ఎల్‌కు ముందుగానే త్రీజీ స్పెక్ట్రమ్ ఇచ్చారు. 2009 ఫిబ్రవరిలో చెన్నైలో సేవ కూడా మొదలైంది, ప్రైవేటు వాళ్లకంటే ముందే. ఇంతవరకు మేలే. అయితే ధర మాత్రం వేలంలో పలికినంత కట్టాలన్నారు. ప్రైవేటు కంపెనీలు తమకు గిట్టుబాటయ్యే సర్కిళ్లు ఏరుకున్నాయి. దేశమంతటా కొన్న కంపెనీ ఒక్కటి కూడా లేదు. బీఎస్‌ఎన్‌ఎల్ మాత్రం లాభమొచ్చే చోటా రాని చోటా కలిపి ఇరవై సర్కిళ్లకూ కట్టింది. త్రీజీకి 10,187 కోట్లు, వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్‌కు మరో 8,314 కోట్లు. రెండోదాన్ని సరిగా వాడుకునే దారే దొరక్క, కొన్ని చోట్ల తిరిగి అప్పగించాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నిల్వ ఒక్క వేసవిలో ఖజానాకు చేరింది. పద్దుల్లో ప్రభుత్వానికి అది ఆదాయం. తన కుడిజేబులోంచి తీసి ఎడమజేబులో వేసుకున్నదాన్ని ఆదాయమనుకోవడం వేరే విద్య.

2010-11 నష్టం 6,384 కోట్లు. ఆ తర్వాతివి వరుసగా చెప్పుకుంటే చాంతాడంత.

జీతాల మాట దాటవేయడం న్యాయం కాదు. 2018-19కి వచ్చిన ప్రతి వంద రూపాయల్లో డెబ్బై అయిదు సిబ్బందికే పోయాయి. ప్రైవేటు కంపెనీల్లో ఆ ఖర్చు అయిదారు రూపాయలకు మించలేదు. తీగ పోయి టవర్ వచ్చాక ఇంతమంది అక్కర్లేదని అందరికీ తెలుసు. పిట్రోడా కమిటీ 2010లోనే లక్ష మందిని సొమ్మిచ్చి పంపమంది. అప్పుడు చేసి ఉంటే సంస్థకు సత్తువ ఉండేది, వెళ్లేవాళ్లకు వయసుండేది. యూనియన్లు ఒప్పుకోలేదు, ప్రభుత్వం అడగడానికే జంకింది. పదేళ్లు నానబెట్టి, జీతాలే ఇవ్వలేని స్థితికి తెచ్చి, అప్పుడు పంపారు. అయితే జీతాల బరువును 75 శాతానికి తెచ్చింది జీతాలు పెరగడం కంటే ఆదాయం కూలడమే. ఈ ఒక్క మాట చాలామంది మరిచిపోతారు.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. పెద్ద ప్రైవేటు కంపెనీలే గజగజలాడాయి, కొన్ని మూతబడ్డాయి. అందరూ ఫోర్‌జీ మీద కొట్లాడుకుంటున్న ఆ రోజుల్లో బీఎస్‌ఎన్‌ఎల్‌కు దేశవ్యాప్తంగా నడిపే ఫోర్‌జీ స్పెక్ట్రమే లేదు. 2019 అక్టోబర్‌లో ప్రభుత్వం ప్రకటించిన ప్యాకేజీతో పాటు ఇస్తామన్నారు. మళ్లీ టెండర్ పిలిస్తే, స్వదేశీ పరికరాలే వాడాలన్న మాట వచ్చి 2020లో అదీ రద్దు. స్వదేశీ మంచి ఆశయమే. దాని ప్రయోగశాలగా ఎంచుకున్నది మాత్రం అప్పటికే మంచం పట్టిన సంస్థను. టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి కట్టిన ఫోర్‌జీ వ్యవస్థ దేశమంతటికీ ప్రారంభమైంది 2025 సెప్టెంబర్‌లో. అప్పటికి జియో, ఎయిర్‌టెల్ ఫైవ్‌జీ మొదలుపెట్టి మూడేళ్లు.

మధ్యలో సర్కారు చేతికి ఎముక లేకుండా ఇచ్చింది. 2019లో దాదాపు 69 వేల కోట్లు, 2022లో లక్షా 64 వేల కోట్లు, 2023లో 89 వేల కోట్లు. కలిపితే మూడు లక్షల ఇరవై వేల కోట్లు దాటింది. ఇందులో పెద్ద భాగం నగదు కాదు, స్పెక్ట్రమ్‌కు కట్టిన ఖరీదే. అప్పుడు వేలం ధర కట్టించుకున్న యజమానే ఇప్పుడు ఆ సరుకునే వాటా కింద లెక్కరాసి ఇస్తున్నాడు. 2024-25 మూడో త్రైమాసికంలో 262 కోట్ల లాభం వచ్చింది, పదిహేడేళ్ల తర్వాత మొదటిసారి. ఏడాది మొత్తానికి మాత్రం 2,247 కోట్ల నష్టమే. అంతకు ముందు ఏటి 5,370 కోట్ల మీద అదే మెరుగన్నారు.

2022లో ఇంకో పని కూడా అప్పగించారు. ఫోర్‌జీ అందని 24,680 ఊళ్లకు టవర్లు వేయాలి. అడవులు, కొండలు, ఏజెన్సీ గూడేలు. ఖర్చు 26 వేల కోట్ల పైమాటే. ఈసారి ఆ డబ్బు విడిగా, పని పేరు రాసి మరీ కేటాయించారు. 2000లోనే చేయాల్సిన పద్దు అది.