నాలుగు స్క్రూల గిటారు

మన హైస్కూల్లో పాత బెంచీలు తీసేస్తుంటే కొన్ని టేకు పలకలు అడిగి తెచ్చుకున్నాను. వాటిని అతికించి ఎలక్ట్రిక్ గిటారు బాడీ కోయాలని నా ఆలోచన. నెక్, పికప్‌లు, తీగలు కిట్‌లో వస్తాయి.

ఇంట్లోనే గిటారు బిగించుకోవడం ఇంత సులువైందంటే ఆ పుణ్యం చాలావరకు లియో ఫెండర్‌ది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. గిటారు వాయించడం రాదు! అప్పట్లో నెక్‌ను ఎక్కువగా జిగురుతో అతికించేవారు. 1950లో ఆయన తెచ్చిన గిటారుకు నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి మార్చుకోవచ్చు. రిపేరు చేసేవాడికే తట్టే ఉపాయం. 1951 నుంచి దాని పేరు టెలికాస్టర్.

లండన్‌లో బ్రయాన్ మే బడికెళ్ళే వయసులో, 1963లో, తండ్రితో కలిసి పాత చలిమంట గూటి చెక్కతో నెక్ కూడా చేసుకున్నాడు. క్వీన్ బృందంలో వాయించింది ఆ గిటారే. నాకంత ధైర్యం లేదు.

నా కిట్ తీగ కొలత 25.5 అంగుళాలు. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగంలో, 12.75 దగ్గర పడాలి. బ్రిడ్జి పక్కకు జరిగితే శ్రుతి కలవదు. ఫిజిక్స్ ల్యాబులో సోనామీటరు తీగను సగం చేస్తే స్వరం పై స్థాయికి వెళ్ళేది, గుర్తుందా? ఆ లెక్కే.

చిక్కల్లా ఒకటే. బ్రిడ్జి రావలసిన చోటే ఎవరో కాంపాస్ ముల్లుతో రెండక్షరాలు, కింద ‘10-బి’ అని చెక్కారు. పలక తిరగేస్తే కనబడవు, రంధ్రం చేస్తే మిగలవు. అవి మీవైతే జూబిలీ రోజున చెప్పండి. అప్పటిదాకా డ్రిల్లు పెట్టను.