చంద్రగిరిలో కనుమరుగైన ఆరాధన స్థలం

తెలుగు నేలమీద సువార్త చరిత్ర అనగానే మనకు 19వ శతాబ్దం గుర్తుకొస్తుంది. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. 1812లో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. మన ప్రాంతానికి వస్తే మెనొనైట్ బ్రదరెన్ మిషనరీలు 1899లో హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో నాగర్‌కర్నూలు, వనపర్తి మిషన్ కేంద్రాలయ్యాయి. 1937లో అమెరికన్ బాప్టిస్టుల దగ్గర నుంచి మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు కూడా వారి చేతికి వచ్చాయి. ఈ లెక్కన మన సంఘాల వయసు నూరేళ్ళకు కాస్త అటూ ఇటూ. అయితే దీనికి మూడు వందల ఏళ్ళ ముందే ఒక తెలుగు రాజధానిలో క్రీస్తు ఆరాధన జరిగింది. ఈనాడు దాని ఆనవాలు కనిపించదు.

1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలింది. రాజధాని పెనుకొండకు, అక్కడినుంచి చంద్రగిరికి మారింది. అక్కడ ఏలినవాడు వేంకటపతి దేవరాయలు. తిరుమల వేంకటేశ్వరునికి పరమభక్తుడు, తాతాచార్యుల శిష్యుడు. 1598లో మైలాపూరు నుంచి సిమావో ది సా అనే జెస్యూట్ గురువు ఆ రాజు కొలువుకు వచ్చాడు. పంపినవాడు జెస్యూట్ సభ తనిఖీ అధికారి నికొలావ్ పిమెంతా. రాజుగారి మామ ఓబరాజు ఆదరించి దర్శనం చేయించాడు. రాజు వారికి నివసించడానికీ, ఆరాధన స్థలం ఏర్పరచుకోవడానికీ, బోధించడానికీ అనుమతి ఇచ్చాడు. మరుసటి ఏడు ఇంకొందరు వచ్చారు. 1599లో చంద్రగిరినుంచి ఇమాన్యువేల్ ద వేగా రాసిన ఉత్తరం ఐరోపాలో అచ్చయింది. ఈ కథ మనకు తెలిసింది అలాంటి ఉత్తరాలవల్లనే.

రాజుకు బొమ్మలంటే ఇష్టం. అది తెలిసి జెస్యూట్లు అలెగ్జాండర్ ఫ్రే అనే ఇంగ్లీషు సహోదరుణ్ణి పిలిపించారు. ఆయన చిత్రకారుడు. క్రీస్తు జీవిత ఘట్టాలను చిత్రించి రాజుకు చూపేవాడు. ఆ చిత్రాలను ఆధారం చేసుకొని గురువులు సువార్త వివరించేవారు. ఆయన తర్వాత ఫోంతెబోనా అనే ఇటలీ చిత్రకారుడు వచ్చాడు. అంతోనియో రూబినో అనే మరో గురువు ఆ కొలువులో ఏళ్ళతరబడి పనిచేసి, చివరకు 1643లో జపానులోని నాగసాకిలో హతసాక్షి అయ్యాడు. రాజధాని వేలూరుకు మారినప్పుడు మిషన్ కూడా అక్కడికి వెళ్ళింది.

రాజు విన్నాడు, ప్రశ్నలు వేశాడు, ఆదరించాడు. మతం మాత్రం మారలేదు. కొలువు బయట ప్రజల్లో విశ్వాసులైనవారు బహు కొద్దిమంది. ఈలోగా రాజకీయాలు తిరగబడ్డాయి. మైలాపూరు పోర్చుగీసువారికీ రాజుకూ పొరపొచ్చాలు వచ్చాయి. డచ్చివారు పులికాటులో కాలు మోపారు. స్పెయిన్, పోర్చుగల్ దేశాలను కలిపి ఏలుతున్న మూడవ ఫిలిప్ రాజు జెస్యూట్లను ఆ కొలువునుంచి వెనక్కి రమ్మని ఆజ్ఞ ఇవ్వడంతో 1611 ప్రాంతంలో ఆ పని ఆగిపోయింది. 1614లో వేంకటపతి రాయలు చనిపోయాడు. వారసత్వంకోసం గొబ్బూరి జగ్గరాయలు ఒకవైపు, వెలుగోటి యాచమనాయుడు మరొకవైపు నిలిచి దేశాన్ని యుద్ధంలోకి ఈడ్చారు. ఆ ఘోరాన్ని మాన్యుయెల్ బర్రాదస్ అనే జెస్యూట్ 1616లో కొచ్చినుంచి రాసిన ఉత్తరంలో వివరించాడు.

ఈనాడు చంద్రగిరి కోటలో రాజమహల్ నిలిచి ఉంది. పురావస్తు శాఖ మ్యూజియం నడుపుతోంది. తిరుపతి వెళ్ళేవారు ఎందరో దాన్ని చూసి వస్తారు. ఆ కోట నీడలో ఒకప్పుడు క్రీస్తు నామం పలికిన చోటు ఉండేదని చెప్పే రాయి అక్కడ లేదు.

ప్రియ పాఠకులారా, ఇది కేవలం కతోలికుల చరిత్ర, మనకెందుకు అనుకోవద్దు. ఇందులో సంఘమంతటికీ ఒక పాఠం ఉంది. చంద్రగిరి పని రాజుగారి దయమీద నిలిచింది. రాజు వేలూరు వెళితే తానూ వెళ్ళింది. దూరదేశపు రాజు ఆజ్ఞ ఇస్తే ఆగింది. దీనికి పక్కనే మరో చరిత్ర పెట్టి చూడండి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాల్లో కర్నాటక మిషన్ నడిపారు. అక్కడ రైతు కుటుంబాలు విశ్వసించాయి. కరువులు, యుద్ధాలు వచ్చినప్పుడు వారిలో కొందరు గుంటూరు సీమకు వలసపోయారు. పాత మందిరాలు వెనకబడిపోయాయి. విశ్వాసం మాత్రం వారితో నడిచి వెళ్ళింది. ఈనాటికీ వారి సంతతి అక్కడి సంఘాల్లో ఉన్నారు. ఒకచోట కొలువు ఉంది, ప్రజలు లేరు. మరోచోట గోడలు పోయాయి, ప్రజలు మిగిలారు.

యిర్మీయా ప్రవక్త కాలంలో యెరూషలేము ప్రజలు మందిరం ఉంది కనుక మాకేమీ కాదని ధీమాగా ఉన్నారు. షిలోహుకు వెళ్ళి చూడమని దేవుడు వారిని హెచ్చరించాడు (యిర్మీయా 7వ అధ్యాయం). ఒకనాడు మందసం ఉన్న చోటు షిలోహు. అది పాడైంది. కట్టడం ఎంత పవిత్రమైనా అది శాశ్వతం కాదు.

అలాగని కట్టడాల చరిత్రను మరచిపోవచ్చా? మరచిపోకూడదు. ఇంగ్లండులో డన్విచ్ అనే రేవు పట్టణాన్ని శతాబ్దాలుగా సముద్రం కోసుకుపోయింది. అక్కడి ఆల్ సెయింట్స్ చర్చి 1904, 1919 మధ్య కొండచరియతోపాటు విరిగిపడింది. అయినా మునిగిన చర్చిల పేర్లు కూడా అక్కడివారు చెప్పగలరు. ఎందుకంటే కాగితం మిగిలింది.

మన సంగతి చూద్దాం. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు పాలమూరు, కర్నూలు జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్ళు నీటిపాలయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపూరులో తిరిగి నిలబెట్టారు. జటప్రోలు గుళ్ళను కూడా అలాగే తరలించారు. అది మంచి పని. మరి ఆ ఊళ్ళ మాలవాడల్లో, మాదిగవాడల్లో ప్రార్థనకు కూడుకున్న చోట్ల సంగతేమిటి? గడ్డి కప్పుకో, రేకుల షెడ్డుకో, వేపచెట్టు నీడకో శిలాశాసనం ఉండదు. పురావస్తు శాఖ దాన్ని తరలించదు. దాన్ని కాపాడగలిగేది విశ్వాసుల జ్ఞాపకమే. ఆ రోజు మూట నెత్తిన పెట్టుకొని ఊరు విడిచిన పాతికేళ్ళ యువతికి ఈనాడు డెబ్బై దాటింది.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నదీగర్భంనుంచి పన్నెండు రాళ్ళు తెచ్చి గిల్గాలులో నిలిపారు. పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికి అవి గుర్తు (యెహోషువ 4వ అధ్యాయం). కృష్ణమ్మ అడుగున ఉన్నవాటికి మనం తెచ్చి నిలపగల రాళ్ళు మాటలే.

కాబట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సంఘాల కాపరులకూ పెద్దలకూ ఒక మనవి. ఈ నెలలోనే ఒక నోటుపుస్తకం తెరవండి. మీ ఊరికి సువార్త ఎవరు తెచ్చారు, మొదట బాప్తిస్మం పొందినవారెవరు, మొదటి ప్రార్థన ఏ ఇంట జరిగింది, మందిరపు స్థలం ఎవరిచ్చారు, దాని పత్రం ఎవరి దగ్గర ఉంది, ఇవి రాయండి. ముంపు ఊళ్ళనుంచి వచ్చినవారుంటే ముందు వారి దగ్గర కూర్చోండి. పాత బాప్తిస్మపు రిజిస్టరు చెదలు పట్టకముందే ప్రతి పుటా ఫోటో తీసి రెండు చోట్ల భద్రపరచండి. యువకులకు ఈ పని అప్పగించండి. ఫోను చేతిలో ఉంది, అవ్వ తాతలు ఇంట్లో ఉన్నారు.

చంద్రగిరిలో ఆరాధించినవారి పేర్లలో మనకు దక్కినవి చాలావరకు విదేశీయులవే, ఉత్తరాలు రాసింది వారే కనుక. విన్న తెలుగువారి పేర్లు రాసినవారు లేరు. మన సంఘాల విషయంలో అలా కాకూడదు.