రోగశయ్య చెంత చుట్టరికము

పెండ్లిమాటయు రోగపుమాటయు ఒక్కచోట వినబడుట మంగళకరము కాదని మన పెద్దలందురు. ఐనను స్వలింగ వివాహ చరిత్రలో ఆ రెంటికిని ముడిపడినది. ఆ ముడిని మనమించుక పరిశీలింతము.

1981 జూన్ 5వ తేదీన అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రము తన వారపత్రికలో ఒక చిన్న నివేదికను ప్రకటించెను. లాస్ ఏంజిలిస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకినదనియు, వారందరును స్వలింగ సంపర్కులనియు అందు గలదు. ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన తొలి వార్త యదియే. ఇది యొక తెగవారి జబ్బని లోకము తొందరపడి తీర్పు చెప్పెను. అనతికాలముననే రక్తము నెక్కించుకొన్న వారియందును, స్త్రీలయందును, పసిపాపలయందును అది కనబడెను. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు దాని వైరస్‌ను గుర్తించిరి.

పురుషుల నడుమ రక్షణలేని సంపర్కమున ప్రమాదము హెచ్చన్నమాట నిజము. కాని దానిని తగ్గించునవి కండోము, రక్తపరీక్ష, ఔషధము. పెండ్లి జరిగినంత మాత్రమున వైరస్ పుట్టదు, చావదు.

మరి వివాహప్రసక్తి యెట్లు వచ్చెను? ఆ దినములలో ఎందరో తమ సహచరులకు తుదిదాక సేవచేసిరి. ఐనను చట్టము దృష్టిలో వారు పరాయివారే. న్యూయార్కులో లెస్లీ బ్లాంచర్డు, మిగెల్ బ్రాస్కీ అనువారు 1975 నుండి ఒకే యింట కాపురముండిరి. 1986లో బ్లాంచర్డు ఎయిడ్స్‌తో మరణించెను. అద్దెపత్రము అతని పేరనే యుండుటచే, బ్రాస్కీని ఇల్లు విడువుమనిరి. 1989 జూలైలో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, అద్దె చట్టమునకు కుటుంబమనగా వివాహపత్రము గలవారే కానక్కరలేదనియు, ఒకరినొకరు నమ్ముకొని కలసి బ్రతికిన వారును కుటుంబమేననియు తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే అక్టోబరులో డెన్మార్కు ఇట్టి జంటలకు నమోదు హక్కు నొసగెను. 2001లో నెదర్లాండ్సు, 2015లో అమెరికా సంయుక్త రాష్ట్రములంతటను వివాహమే చట్టబద్ధమైనది.

మన దేశమున సైతము ఈ కథ ఆరోగ్యముతోనే మొదలైనది. శిక్షకు వెరచి రోగులు దాగుచున్నారని, ఎయిడ్స్ నివారణకు పాటుపడు నాజ్ ఫౌండేషన్ 2001లో ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ శిక్షాభయమును తొలగించెను. వివాహపు హక్కును మాత్రము 2023 అక్టోబరులో శాసనసభల విచక్షణకే విడిచెను.

పెండ్లి రోగమునకు మందు కాదు. కాని ఆసుపత్రి గుమ్మమున నిలిపి "నీవు రోగికేమగుదువు?" అని యడిగిన నాడు, చెప్పుకొనుటకొక చుట్టరికముండవలెను గదా!