మంట తగ్గించే సూక్ష్మ స్పంజికలు: ఎమల్షన్‌తో రంధ్రాల రేణువుల తయారీ

మొటిమలకు పూతమందు వాడినవారికి చర్మం ఎర్రబడటం, మంట పుట్టడం, పొట్టు రాలడం కొత్త కాదు. ట్రెటినాయిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి మందులు గుణం ఇస్తూనే చర్మాన్ని బాధిస్తాయి. మందు ఎక్కువ మోతాదులో ఒక్కసారిగా చర్మానికి తగలడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఆ వేగాన్ని అదుపు చేసేందుకు రూపొందినవే మైక్రోస్పాంజ్‌లు. ఇవి ఒళ్లంతా రంధ్రాలున్న పాలిమర్ గోళాలు. సాధారణంగా 5 నుంచి 300 మైక్రాన్ల వ్యాసంతో ఉంటాయి. ఇంత పెద్ద రేణువులు చర్మంలోకి ఇంకవు. పైనే నిలిచి, లోపలి మందును కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి.

ఈ విధానానికి 1987లో అమెరికాలో పేటెంటు లభించింది. ట్రెటినాయిన్‌ను ఇలా నింపిన రెటిన్-ఎ మైక్రో జెల్‌కు 1997లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, కోహ్కా–కురుద్ రోడ్డులో రుంగ్టా ఫార్మసీ కళాశాల ఉంది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఈ ఉక్కు నగరంలో తయారీ అనగానే నిప్పులు కక్కే కొలిమి గుర్తుకు వస్తుంది. మైక్రోస్పాంజ్‌కు మాత్రం గది ఉష్ణోగ్రత, ఒక బీకరు, వేగం మార్చుకోగల స్టిర్రర్ దాదాపు చాలు. ఇటువంటి కళాశాలల ప్రయోగశాలలకు ఈ విద్య అందుబాటులో ఉండటానికి కారణం అదే.

మందును, యూడ్రాజిట్ ఆర్‌ఎస్ 100 వంటి పాలిమర్‌ను డైక్లోరోమీథేన్‌లో కరిగిస్తారు. ఆ ద్రావణాన్ని పాలీవినైల్ ఆల్కహాల్ కలిపిన నీటిలో పోస్తూ ఆపకుండా కలియబెడతారు. ద్రావణం చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది. కవ్వంతో చిలికితే వెన్న ముద్దకడుతుంది. ఇక్కడ అలా జరగకూడదు. బిందువులు ఒకదానికొకటి అంటుకోకుండా పాలీవినైల్ ఆల్కహాల్ అడ్డుపడుతుంది. డైక్లోరోమీథేన్ మెల్లగా నీటిలోకి చేరి, అక్కడి నుంచి ఆవిరవుతుంది. పాలిమర్ గట్టిపడుతుంది, ద్రావకం ఖాళీ చేసిన చోట్లే రంధ్రాలవుతాయి. కొన్ని గంటల తరువాత వడగట్టి, కడిగి, ఆరబెడతారు.

కలియబెట్టే వేగం పెరిగితే సాధారణంగా రేణువులు చిన్నవవుతాయి. పాలిమర్ పాలు పెరిగితే గోడలు మందమై విడుదల నెమ్మదిస్తుంది. మందు నీటిలో సులభంగా కరిగేదైతే శ్రమ వృథా: అది గోళంలో నిలవక బయటి నీటిలోకి జారిపోతుంది. ప్రయోగాలు తరచుగా తడబడే చోటు ఇదే.

మరో మార్గంలో స్టైరీన్, డైవినైల్ బెంజీన్ బిందువులను నీటిలోనే పాలిమర్‌గా మారుస్తారు. బాయిలర్ నీటిని శుద్ధిచేసే రెజిన్ పూసలు కూడా ఇదే కుదురుకు చెందినవి. అయితే ఈ చర్యకు వేడి కావాలి కనుక, దానికి తట్టుకోలేని మందును గోళాలు తయారయ్యాకే నింపుతారు.

ఎంత చక్కని రంధ్రాలు వచ్చినా, లోపల చిక్కుకున్న ద్రావకాన్ని కొలవనిదే అది మందు కాదు. అంతర్జాతీయ ఔషధ ప్రమాణాల ప్రకారం డైక్లోరోమీథేన్ అవశేషం పది లక్షల పాళ్లలో 600 పాళ్లకు మించరాదు. ఆరబెట్టే గడువును నిర్ణయించేది చాలాసార్లు ఈ అంకెయే.