ఆక్స్‌ఫామ్

ఏటా జనవరిలో దావోస్ సమావేశాల వేళ, కుబేరుల ఆస్తుల లెక్కల పక్కన మన పత్రికల్లో కనిపించే పేరిది. ఏదో కంపెనీ పేరులా ఉంటుంది గానీ, ఇందులో ‘ఫామ్’ అంటే కరవు, ఫామిన్‌కు కత్తిరింపు. 1942లో ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీ చర్చి పాత గ్రంథాలయంలో కొందరు కూడి ‘ఆక్స్‌ఫర్డ్ కరవు సహాయ సంఘం’ పెట్టారు. నాజీల చేతిలో ఉన్న గ్రీసులో జనం ఆకలితో చస్తున్నారు. శత్రువును దెబ్బతీయడానికి బ్రిటన్ పెట్టిన సముద్ర దిగ్బంధం తిండిగింజలకూ అడ్డే. చందాలెన్ని పోగేసినా ఓడ కదలాలంటే సర్కారు ఒప్పుకోవాలి కదా! అందుకే, యుద్ధం మధ్యలో, తమ ప్రభుత్వాన్నే దిగ్బంధం సడలించమని అడిగారు. గుండె ధైర్యమే. ఇక పేరు సంగతి: మాటకింత అని డబ్బు కట్టే టెలిగ్రాముల కోసం కుదించిన తంతి చిరునామా అది. జనం నోట అదే నిలిచింది. 1965లో సంఘమూ దాన్నే అధికారికంగా పెట్టుకుంది.